తప్పు దొరికితే ముందు ఎవరికి చెబుతారు?

(విశ్వవిద్యాలయాల బోధనేతర ఉద్యోగుల శిక్షణ తరగతుల్లో ఒక విశ్రాంత డిప్యూటీ రిజిస్ట్రార్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలకు వినబడుతోందా? సరే.

భోజనం అయ్యాక మొదటి క్లాసు నాకిచ్చారు. నన్ను పరిచయం చేసిన మేడమ్ గారు అన్నీ మంచి మాటలే చెప్పారు గానీ, నా సర్వీసులో నాకొచ్చిన మెమోల సంగతి దాచేశారు. మూడు వచ్చాయి. అందులో రెండు నాకు రావలసినవే. నిద్ర వస్తే పడుకోండి, నేనేమీ అనుకోను. గురక సంగతి మాత్రం పక్కవాళ్లు చూసుకోవాలి. (నవ్వులు)

నాకిచ్చిన అంశం "పని వాతావరణం, విశ్వవిద్యాలయ పరిపాలనా సిబ్బంది పనితీరుపై దాని ప్రభావం". చూడగానే పీహెచ్‌డీ సినాప్సిస్‌లా అనిపించింది. రాత్రంతా ఆలోచించి దాన్ని ఒక ప్రశ్నగా మార్చుకున్నాను. మీ సెక్షన్‌లో మీకొక తప్పు కనబడింది అనుకోండి. మీరు చేసిందే కావచ్చు, పక్క సీటువాళ్లు చేసింది కావచ్చు. ముందు ఎవరికి చెబుతారు? మీ ఆఫీసరుకా? క్యాంటీన్లో స్నేహితుడికా? ఇంటికెళ్లి ఇంట్లోవాళ్లకా? లేక ఎవరికీ చెప్పకుండా ఫైలు కట్టేసి బీరువాలో పెట్టేస్తారా? బయటికి చెప్పొద్దు, మనసులో అనుకోండి చాలు. మీకు తట్టిన ఆ జవాబే మీ ఆఫీసు వాతావరణం. గోడల రంగులు, ఏసీలు, యోగా క్లాసులు అవన్నీ తర్వాత.

నా తప్పుతోనే మొదలుపెడతాను. అప్పుడు నేను పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్‌ని. ఏ యూనివర్సిటీ అన్నది వదిలేయండి. డిగ్రీ పరీక్షల ముందు కాలేజీల నుంచి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలు, వస్తాయి. వాటిని బట్టి ఏ సెంటరుకి ఏ సబ్జెక్టు ప్రశ్నపత్రాలు ఎన్ని పంపాలో లెక్క కట్టి, కవర్ల మీద రాసి, సీలు వేసి పంపాలి. మీలో ఆ సీటు చూసినవాళ్లకు ఆ నెల రోజులూ అన్నం ఎలా సయిస్తుందో తెలుసు. ఆ లెక్కలు ఒక కొత్త జూనియర్ అసిస్టెంట్ చూసేది. కారుణ్య నియామకం మీద వచ్చిన అమ్మాయి. వాళ్ల నాన్నగారు మా దగ్గర పనిచేస్తూనే పోయారు. చేరిన నెలలోనే ఏదో హాల్‌టికెట్ మీద ఒకరి ఫోటోకి బదులు ఇంకొకరి ఫోటో పడింది. నేను కౌంటరు దగ్గర, విద్యార్థులందరూ చూస్తుండగా, "డిగ్రీ చదువుకుని వచ్చావా, కొనుక్కుని వచ్చావా?" అని అరిచాను. సాయంత్రానికి ఆ మాట నాకు గుర్తు లేదు.

కొన్ని నెలలకు, ఏజెన్సీ ప్రాంతంలో ఒక సెంటరుకి 140 ప్రశ్నపత్రాలు వెళ్లాల్సిన చోట 40 వెళ్లాయి. ముందున్న ఒకటి ఎగిరిపోయింది, అంతే. పొద్దున్నే కవరు విప్పిన ఆ సెంటరు చీఫ్ సూపరింటెండెంట్ గారి ఫోను. ఆ ఊళ్లో ఉన్నది ఒకటే జిరాక్స్ మిషను, దానికి కరెంటు లేదు. పరీక్ష రాసేవాళ్లను హాల్లోంచి కదలనివ్వకుండా కూర్చోబెట్టి, పక్క మండలం సెంటరులో మిగిలిన పత్రాలను జీపులో తెప్పించేసరికి గంటన్నర. నూట నలభై మంది పిల్లలు, చేతిలో పెన్ను పట్టుకుని, గంటన్నర.

ఎంక్వయిరీలో తేలింది ఏమిటంటే, ఆ అమ్మాయికి ముందు రోజు సాయంత్రం నాలుగింటికే తెలుసు. రిజిస్టరు సరిచూసుకుంటుంటే కనబడింది. అప్పుడు చెప్పి ఉంటే రాత్రి బస్సుకి ఒక మనిషిని పంపితే సరిపోయేది. "ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "చెబుదామని రెండుసార్లు మీ టేబుల్ దాకా వచ్చాను సార్. మొదటిసారి మీరు ఫోనులో ఎవరినో తిడుతున్నారు. రెండోసారి వచ్చేసరికి కూడా తిడుతూనే ఉన్నారు" అంది.

రిపోర్టులో "సంబంధిత సహాయకురాలి నిర్లక్ష్యం" అని రాశారు. రాశారు అంటున్నాను గానీ, ఆ ముసాయిదా రాసింది నేనే. ఆ వాక్యం నా చేతిరాతతో ఆ ఫైలులో ఇప్పటికీ ఉంటుంది.

చాలా ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగులో అమెరికా ఆసుపత్రుల మీద జరిగిన పరిశోధన గురించి విన్నాను. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ 1990లలో వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పనిచేశారు. ఒకరితో ఒకరు బాగా కలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటాం కదా. లెక్క తీస్తే అక్కడే ఎక్కువ కనబడ్డాయి! ఇదేమిటని తవ్వి చూస్తే, ఆ వార్డుల్లో నర్సులు పొరపాటు జరిగితే పైకి చెప్పుకుంటున్నారు. మిగతా వార్డుల్లో నోరు మెదపడం లేదు. అంటే లెక్కలో తప్పులు లేని వార్డు మంచి వార్డు అనుకుంటే మోసపోతాం. ఆ సాయంత్రం నాకు మా పరీక్షల విభాగమే గుర్తొచ్చింది. నేను సూపరింటెండెంట్‌గా ఉన్న రెండేళ్లలో ముందుగా నా దృష్టికి తెచ్చిన తప్పులు దాదాపు లేవు. నేనేమో నా సెక్షన్ ఎంత క్రమశిక్షణగా ఉందో అని మురిసిపోయేవాణ్ణి.

భయం ఉన్న ఆఫీసులో జనం పని మానేస్తారని అనుకుంటారు. నేను చూసినంతలో అలా జరగదు. ఇంకా ఎక్కువే చేస్తారు. కాకపోతే ఆ పనంతా తమను తాము కాపాడుకోవడానికి చేస్తారు. ఒక ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ముగ్గురు సంతకాలు పెట్టే చోట ఐదుగురు పెట్టడం మొదలవుతుంది. అసిస్టెంట్ తన నిర్ణయం రాయడు. "ఆదేశాల కొరకు సమర్పించడమైనది" అని రాసి పైకి తోస్తాడు. సూపరింటెండెంట్ "పై నోట్ చూడండి" అంటాడు. అసిస్టెంట్ రిజిస్ట్రార్, అదే మన ఏఆర్ గారు, "ప్లీజ్ డిస్కస్" అని రాసి కిందకి పంపుతారు. ఒకటిన్నర పేజీ నోటు ఆరు పేజీలవుతుంది. ప్రతివాడూ తన నోటును జిరాక్స్ తీసి ఇంటికి తీసుకెళ్తాడు, రేపు మెమో వస్తే చూపించడానికి. మా యూనివర్సిటీలో ఒకాయన రిటైరయ్యాక వాళ్లింట్లో అటకంతా అవే కాగితాలు. వాళ్లావిడ పాతపేపర్లవాడికి కేజీల లెక్కన అమ్మేసింది. (నవ్వులు)

దీనికి మూల్యం చెల్లించేది కౌంటరు బయట నిలబడ్డ పిల్లవాడు. అమెరికాలో సీటు వచ్చింది, ఫలానా తేదీలోగా సీల్డు కవర్లో ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. ఏ ఊరో నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే వచ్చి కౌంటరు ముందు నిలబడతాడు. లోపల ఫైలు మీద ఐదో సంతకం లేదు. ఆ ఐదో సంతకం ఎందుకొచ్చిందో లోపల ఎవరికీ గుర్తుండదు కూడా. ఎప్పుడో ఒక ఆఫీసరు ఒకరోజు కోపంలో పెట్టిన రూలది. ఆయన వెళ్లిపోయాడు, రూలు ఉండిపోయింది.

పెద్దవాళ్లు చేసిన పరిశోధన ఇంకొకటి చెబుతాను, ఇది మనకు బాగా అతుకుతుంది. కుర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి అమెరికా వెళ్లాడు. అక్కడ అయోవా విశ్వవిద్యాలయంలో తన ఇద్దరు సహచరులతో కలిసి పదేళ్ల పిల్లల్ని చిన్న చిన్న క్లబ్బులుగా కూర్చోబెట్టి, మాస్కులు తయారుచేయడం లాంటి పనులు ఇచ్చాడు. కొన్ని క్లబ్బుల్లో నాయకుడు అన్నీ తనే ఆజ్ఞాపిస్తాడు. కొన్నింట్లో పిల్లలతో మాట్లాడి నిర్ణయిస్తాడు. కొన్నింట్లో ఏమీ పట్టించుకోడు. 1939లో ఇది అచ్చయింది. "సోషల్ క్లైమేట్" అన్న మాట ఆ వ్యాసం పేరులోనే ఉంది. ఇందులో నాకు నచ్చిన ఘట్టం ఏమిటంటే, మధ్యలో నాయకుణ్ణి కావాలని గదిలోంచి బయటికి పంపారు. ఆజ్ఞలిచ్చే నాయకుడున్న గదిలో ఆయన తలుపు దాటగానే పని పడిపోయింది. మాట్లాడి నిర్ణయించే గదిలో పని అలాగే సాగింది.

ఇక మీరు మీ ఆఫీసులో "రిజిస్ట్రార్ గారు హైదరాబాదు మీటింగుకి వెళ్లారట" అన్న వార్త వచ్చిన రోజు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. (నవ్వులు, చప్పట్లు) నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు పది నుంచి ఐదు వరకు సీట్లలో ఎంతమంది ఉన్నారో చూస్తే, ఆ రిజిస్ట్రార్ గారి గురించి, యూనివర్సిటీలకు గ్రేడులిచ్చే న్యాక్ రిపోర్టు కంటే ఎక్కువే తెలుస్తుంది.

ఆ పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆజ్ఞల గదుల్లో కొన్నిచోట్ల పిల్లలు నాయకుడి మీద చూపలేని కోపాన్ని తమలోనే ఒకణ్ణి పట్టుకుని వాడి మీద చూపించారు. బలిపశువన్నమాట. నేను రాసిన ఆ ఎంక్వయిరీ ముసాయిదా సంగతి ఇందాక చెప్పాను కదా.

అయితే ఒక జాగ్రత్త. వాతావరణం బాగుండటం అంటే అందరూ నవ్వుతూ ఉండటం అని కాదు. నేను కొంతకాలం ఒక సెక్షన్‌లో పనిచేశాను, స్వర్గమే అది. ఎవరి పుట్టినరోజైనా కేకు. కార్తీక మాసంలో వనభోజనాలు. నాలుగింటికి మిరపకాయ బజ్జీలు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. ఒరిజినల్ డిగ్రీల దరఖాస్తులు మాత్రం బీరువా నిండి, బీరువా పైకెక్కి, పక్కనున్న కుర్చీల మీదకి వచ్చాయి. ఆ కుర్చీల మీద కూర్చోవడానికి చోటు లేక మేము ఇంకో రెండు కుర్చీలకు ఇండెంటు పెట్టాం! హాల్పిన్, క్రాఫ్ట్ అని ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1960ల మొదట్లో 71 ప్రాథమిక పాఠశాలలు చూసి వాతావరణాలను ఆరు రకాలుగా విడదీశారు. అందులో ఒకదాని పేరు "ఫెమిలియర్". బంధువుల ఇల్లులాంటిదన్నమాట. అందరికీ అందరూ ఇష్టమే, పని ఎటు పోతోందో ఎవరికీ పట్టదు. మన దేశంలో ఈ విషయాల మీద చాలా పనిచేసిన ఉదయ్ పరీక్ గారు ఆరోగ్యంగా ఉన్న సంస్థకు ఉండాల్సిన ఎనిమిది లక్షణాలు చెబుతూ నమ్మకం, దాపరికం లేకపోవడం వీటితోపాటు "కన్‌ఫ్రంటేషన్" కూడా చేర్చారు. మన ఆఫీసుల్లో ఆ మాట వింటే యూనియన్ ధర్నా గుర్తొస్తుంది. ఆయన ఉద్దేశం సమస్యకు ఎదురు నిలబడటం అని. ఆ బజ్జీల సెక్షన్‌లో మాకు లేనిది అదే. "డిగ్రీలు పేరుకుపోతున్నాయి" అని ఎవరైనా అంటే స్నేహం చెడుతుందని భయం. అరిచే ఆఫీసరు దగ్గర ఒక భయం, బజ్జీల దగ్గర ఇంకో భయం. రెండు చోట్లా తప్పు బయటికి రాలేదు.

ఇప్పుడు అసలు మన యూనివర్సిటీల సంగతికి వస్తాను. మామూలు ప్రభుత్వ ఆఫీసుకీ మనకీ తేడా ఉంది. మనల్ని ఏమని పిలుస్తారు? బోధనేతర సిబ్బంది. అంటే మనం ఏమిటో చెప్పరు, ఏం కామో చెబుతారు. ఆసుపత్రిలో నర్సుని "డాక్టరేతర" అనరు కదా! ఇది చిన్న మాటే గానీ, ముప్పై ఏళ్లు వింటే లోపలికి దిగుతుంది. రిజిస్ట్రారు, కంట్రోలరు, డీన్లు చాలాచోట్ల ప్రొఫెసర్లే. పరిపాలన వాళ్లకు మధ్యలో వచ్చిన బాధ్యత. కొన్నాళ్లు చేసి మళ్లీ డిపార్టుమెంటుకి వెళ్లిపోతారు. వాళ్లలో మహానుభావులున్నారు, నేను పని నేర్చుకున్నది అలాంటి ఒకాయన దగ్గరే. కానీ ఒక ఏఆర్ ఎంత బాగా పనిచేసినా ఆ కుర్చీ తనది కాదని అతనికి మొదటి రోజే తెలుసు.

పైన వైస్ ఛాన్సలర్ గారు. 1991 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం మూడేళ్లు. మొదటి ఏడాది ఎవరు ఎవరో తెలుసుకోవడం, మూడో ఏడాది తర్వాత ఎవరొస్తారన్న గుసగుసలు. మధ్యలో ఒక్క ఏడాది నికరంగా పని. ఆ మూడేళ్లయినా నిండుగా ఉంటే అదృష్టమే. తెలంగాణలో 2019లో చాలా విశ్వవిద్యాలయాల వీసీల గడువు ముగిస్తే, కొత్తవారు వచ్చింది 2021 మేలో. మధ్యలో ఐఏఎస్ అధికారులే ఇన్‌చార్జులు. 2024లో మళ్లీ మే నుంచి అక్టోబరు దాకా అదే కథ. ఆ అధికారులు సమర్థులు కారని నేను అనను. వాళ్లకు తమ సొంత శాఖ ఒకటుంది, ఆ పైన ఇది. ఇన్‌చార్జి కాలంలో కింద ఏం జరుగుతుందో మీకందరికీ తెలుసు. "రెగ్యులర్ వీసీ గారు వచ్చాక చూద్దాం" అన్న ఒక్క వాక్యం. పదోన్నతి ఫైలు, ఎఫిలియేషన్ ఫైలు, పదివేల రూపాయల ప్రింటర్ ఫైలు, అన్నీ ఆ వాక్యం కిందే పడుకుంటాయి. నిర్ణయం తీసుకోకపోతే ఎవరూ అడగరు, తీసుకుంటే అడుగుతారు. అలాంటి చోట తెలివైనవాడు ఏం చేస్తాడు? రెండేళ్లు అలా గడిపిన గుమాస్తాకు నిర్ణయం రాయడం అనే అలవాటే పోతుంది. తర్వాత ఎంత మంచి వీసీ వచ్చినా ఆ అలవాటు వెంటనే తిరిగి రాదు.

ఇక్కడ ఒక మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి మారింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో రాజీనామా చేశారు, 1936లో మళ్లీ వచ్చారు. మధ్యలో రాధాకృష్ణన్ గారు. ఇవన్నీ మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ బెజవాడ నుంచి వాల్తేరుకి ఆ రికార్డుల పెట్టెలు ఎవరు కట్టించారు, ఏ పెట్టెలో ఏముందో ఎవరు రాసుకున్నారు అన్నది నేనెక్కడా చదవలేదు. ఒక హెడ్ గుమాస్తా ఉండే ఉంటాడు. వీసీలు మారిన ఆ రోజుల్లో రిజిస్టర్లు మారకుండా చూసింది అలాంటివాడే.

కింద ఉన్నవాడి చేతిలో ఏమీ లేకపోవడం ఒంటికి కూడా మంచిది కాదు. ఇది నేను సరదాకి అనడం లేదు. లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనం అని 1967లో మొదలైంది. మొదట పదిహేడు వేలకు పైగా మగ ఉద్యోగులు. అందరూ ఆఫీసు ఉద్యోగులే, గనుల్లో పనిచేసేవాళ్లు కాదు. గుండెజబ్బుతో చనిపోవడం అట్టడుగు హోదాలో ఉన్నవాళ్లలో పై హోదావాళ్ల కంటే దాదాపు మూడు రెట్లు ఉంది. టెన్షన్ అంతా పెద్ద ఆఫీసర్లకే అనుకుంటాం కదా! సిగరెట్లు, బీపీ, కొలెస్టరాల్ లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో విడతలో ఆడవాళ్లను కూడా చేర్చి చూశారు. తన పని ఎలా చేయాలన్న దాంట్లో తనకు మాట లేకపోవడం గుండెకు చేటు చేసే కారణాల్లో ముఖ్యమైందని తేలింది. ఈ హాల్లో బీపీ మాత్ర వేసుకుని వచ్చినవాళ్లు ఎంతమందో చేతులెత్తమని అడగను. (నవ్వులు) నేను మాత్రం నలభై ఒకటో ఏట మొదలుపెట్టాను.

ఇంకొక గాయం ఉంది, దాని గురించి మనమే మాట్లాడుకోం. ఖాళీలు నింపరు. అవుట్‌సోర్సింగ్ మీద పిల్లల్ని తీసుకుంటారు. ఒకే టేబులుకి అటు ఒక సీనియర్ అసిస్టెంట్, ఇటు ఒక డేటా ఎంట్రీ కుర్రాడు. సాఫ్ట్‌వేర్ అంతా కుర్రాడికి తెలుసు. సంతకం చేసే హక్కు లేదు. సీనియర్‌కి సంతకం ఉంది, సాఫ్ట్‌వేర్ రాదు. కాబట్టి ఏం చేస్తాం? సీనియర్ గారి పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి కుర్రాడి మానిటర్‌కి అతికిస్తాం. తప్పు జరిగితే లాగిన్ సీనియర్‌ది, చెయ్యి కుర్రాడిది. ఇద్దరూ భయపడుతూ పనిచేస్తారు, ఒకరినొకరు నమ్మరు. కుర్రాడికి జీతం నాలుగు నెలలు ఆలస్యమైనా ఫలితాల రోజు రాత్రి రెండింటిదాకా కూర్చునేది అతనే. న్యాక్ టీమ్ వస్తే గ్రూప్ ఫోటోలో అతనుండడు. ఈ కుర్రాడు తప్పు కనబడితే మీకు చెబుతాడంటారా? చెప్పి అతను బావుకునేదేముంది? రెన్యువల్ మీ చేతిలో ఉంది. ఈ సంగతిలో మన యూనియన్లు కూడా పెద్దగా చేసిందేమీ లేదు. నేనూ ఆఫీస్ బేరర్‌గా చేసినవాణ్ణే కాబట్టి అంటున్నాను.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినప్పుడు ఈ వాతావరణాలు బాగా బయటపడ్డాయి. 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు, మూల్యాంకనం చేసిన తన జవాబుపత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి ఉందని సీబీఎస్ఈ కేసులో తీర్పిచ్చింది. అప్పుడు నేను ఏఆర్‌ని. రెండు సెక్షన్లు పక్కపక్కనే ఉండేవి. ఒక సెక్షన్‌లో దరఖాస్తు రాగానే, "ఎలా ఇవ్వకుండా ఉండగలం?" అన్న దాని మీద నోట్లు రాశారు. స్టాండింగ్ కౌన్సెల్, అంటే యూనివర్సిటీ లాయరు గారి అభిప్రాయం అడిగారు. ముప్పై రోజుల గడువు నోట్లకే సరిపోయింది. రెండో సెక్షన్ సూపరింటెండెంట్ ఒకావిడ. తన మనుషుల్ని కూర్చోబెట్టి, "కాపీ ఇస్తే మహా అయితే ఏమవుతుంది? టోటల్ తప్పని తేలుతుంది, సరిచేస్తాం" అంది. వారంలో ఇచ్చారు. రెండు మూడు టోటళ్లు నిజంగానే తప్పని తేలాయి, సరిచేశారు, ఆకాశమేమీ విరిగి పడలేదు. చట్టం ఒకటే, తీర్పు ఒకటే, వరండా కూడా ఒకటే.

ఆవిడ దగ్గర చూసి నేర్చుకున్నవి కొన్ని నేను తర్వాత నా కుర్చీలో చేశాను. పెద్ద విషయాలేమీ కావు. "ప్లీజ్ డిస్కస్" అని రాయడం మానేశాను. అడగాల్సింది ఉంటే నేనే లేచి ఆ సీటు దగ్గరికి వెళ్లేవాణ్ణి. మోకాళ్లకు కూడా మంచిది. ప్రతి సోమవారం పావుగంట నిలబడి మాట్లాడుకునేవాళ్లం, పోయిన వారం ఎవరికి ఏ తప్పు దొరికిందని. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. మూడో వారం నేనే నా తప్పు చెప్పాను, ఒక కాలేజీకి పంపాల్సిన ప్రొసీడింగ్స్ ఇంకో కాలేజీకి పంపాను. నవ్వారు. ఆ తర్వాత మొదలైంది. ఎవరి స్థాయిలో ఏది తేల్చేయవచ్చో ఒక ఆర్డరు ఇప్పించాను, ఐదో సంతకం, నాలుగో సంతకం పోయాయి. అరవడం మాత్రం పూర్తిగా మానలేకపోయాను. మూడు నాలుగుసార్లు నోరు జారాను. అయితే అరిచిన చోటే, ఎవరి ముందు అరిచానో వాళ్ల ముందే, క్షమించమని అడగడం నేర్చుకున్నాను. తిట్టేది కౌంటరు దగ్గర, సారీ చెప్పేది చాంబర్లోకి పిలిచి అయితే లెక్క సరిపోదు.

ఇవన్నీ చేస్తే పైవాళ్లు సంతోషిస్తారనుకోకండి. నా సెక్షన్‌లో తప్పులు పెరిగాయని ఒక రిజిస్ట్రార్ గారు నాకు మెమో ఇచ్చారు. తప్పులు పెరగలేదు సార్, కనబడుతున్నాయి అని జవాబు రాశాను. ఇందాక చెప్పిన మూడు మెమోల్లో నాకు రాకూడనిది అదే.

చివరగా ఆ అమ్మాయి సంగతి చెప్పి కూర్చుంటాను. అమ్మాయి అంటున్నాను గానీ ఇప్పుడావిడ సూపరింటెండెంట్. నేను రిటైరయ్యే ముందు నా పెన్షన్ ప్రపోజల్స్ వాళ్ల సెక్షన్ నుంచే ఆడిట్‌కి వెళ్లాలి. వివరాల కాగితం నేనే రాసిచ్చాను. మర్నాడు పొద్దున నేను ఎవరితోనో ఫోనులో కాస్త గట్టిగానే మాట్లాడుతున్నాను. ఆవిడ తలుపు తోసుకుని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, నేను ఫోను పెట్టేదాకా ఉంది. "సార్, సర్వీసులో చేరిన తేదీ మీరు తప్పు రాశారు. ఏడాది తేడా పడుతుంది. సర్వీస్ రిజిస్టరు తెచ్చాను, చూసి సరిచేసి సంతకం పెట్టండి" అంది.

పెట్టాను. టీ వచ్చినట్టుంది. ప్రశ్నలు ఉంటే టీ తాగుతూ అడగండి. నమస్కారం.